శరత్తు ఎవరి పంట?



ఈ ఆశ్వయుజంలో ఒకనాటి ఉదయం మా తుర్కయంజాల్ చెరువుగట్టు మీద నడుస్తున్నాను. వానలు వెనుకబట్టాయి. నీటి అంచున రెల్లు తెల్లగా పూచి, ఎండ తగిలినప్పుడల్లా వెండిపూత పూసినట్టు మెరుస్తోంది. ఆ రెల్లుపొదల ముందు నలుగురు కుర్రవాళ్ళు పెద్ద పెద్ద కెమెరాలతో నిలబడి ఉన్నారు. ఒకడు నన్ను పిలిచి, "అంకుల్, కొంచెం పక్కకు జరగండి, ఫ్రేములో పడుతున్నారు" అన్నాడు. జరిగాను. శరత్తును ఫొటో తీస్తున్నప్పుడు మనిషి అడ్డుగా ఉండకూడదు కాబోలు అనుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ మాట మాత్రం వెంట వచ్చింది. దానితో పాటు రెండేళ్ళనాటి ఒక బాకీ కూడా గుర్తుకు వచ్చింది. ఈ టపా ఆ బాకీ గురించే. అయితే పంతులు బుద్ధి కనుక, ముందుగా మాట దగ్గర మొదలుపెడతాను.

చాలా ఏళ్ళ క్రితం, నేను తొమ్మిదో తరగతికి ఋతువులు చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి అడిగాడు. "సార్, ఆకులు రాలేది శిశిరంలో అని మీరు చెప్పారు. ఇంగ్లీషు సారేమో ఆటమ్ అంటే శరత్తు అన్నారు, ఆటమ్‌లో ఆకులు రాలతాయన్నారు. మరి శరత్తులో ఆకులు రాలతాయా, రాలవా?" నేను గంభీరంగా, "వాళ్ళ దేశం వేరు, మన దేశం వేరు, కూర్చో" అన్నాను. జవాబు తప్పు కాదు. కానీ అది జవాబు కూడా కాదు.

మన శరత్తు ఆశ్వయుజ కార్తీకాలు. ఆకాశం నిర్మలమయ్యే కాలం, ఏరుల నీరు తేరుకొనే కాలం, వెన్నెల కాలం. ఆకులు రాలేది మాఘ ఫాల్గుణాల శిశిరంలో. పదకొండో శతాబ్దిలో నన్నయగారి భారతరచన ఆరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో సరిగ్గా శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గరే ఆగిపోయింది. మూడు వందల ఏళ్ళ తరువాత ఎఱ్ఱన అందుకొన్నది కూడా ఆ శరత్తు దగ్గరే. నేను ముప్పై నాలుగేళ్ళు ఆ పద్యాలు చెప్పాను. నక్షత్రాలు, కలువలు, కర్పూరంవంటి వెన్నెల - అన్నీ విడమరచి చెప్పాను. ఆ వెన్నెల కింద పొలంలో ఏముంటుందో మాత్రం ఏనాడూ చెప్పలేదు.

ఉద్యోగ విరమణ తరువాత యాస్కుని నిరుక్తం తిరగవేస్తుంటే శరత్ శబ్దం కనబడింది. ఓషధులు పక్వమయ్యే కాలం కనుక అది శరత్తు అని ఆయన నిర్వచనాలలో ఒకటి. ఓషధి అనగానే మనకు మందుమొక్క గుర్తుకొస్తుంది. అమరసింహుడి లెక్కలో మాత్రం ఫలం పండగానే తాను నశించే మొక్క ఓషధి. వరి ఓషధి, నువ్వు ఓషధి, జొన్న ఓషధి. అంటే శరత్తు అనే మాటకు మూలంలో వెన్నెల లేదు, పంట ఉంది. చీనా లిపిలో శరత్తుకు వాడే అక్షరాన్ని విడదీస్తే ఒక పక్క ధాన్యపు మొక్క, మరో పక్క అగ్ని కనిపిస్తాయి. ఇంగ్లీషువారు కూడా ఆటమ్ అనే అరువు మాట స్థిరపడకముందు ఆ ఋతువును హార్వెస్ట్ అనే పిలిచేవారు. అంటే కోతకాలం. మూడు దేశాలు, మూడు భాషలు, ఒకే మాట. ఆకు రాలడం ఒక్కో దేశంలో ఒక్కో నెలలో జరగవచ్చు. కానీ ఋతువుకు పేరు పెట్టినవాడు ఎక్కడైనా చేను చూసే పేరు పెట్టాడు, చెట్టు చూసి కాదు. ఆ పిల్లవాడికి నేను చెప్పవలసిన జవాబు అది.

*

ఈ మాటల పిచ్చి నన్ను చీనా కొండపల్లెల వైపు లాక్కుపోయింది. దానికొక కారణం ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ తొలిసారిగా ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేసినప్పుడు, మా ఊరికి సుమారు గంట ప్రయాణంలో ఉన్న భూదాన్ పోచంపల్లి అందులో ఉన్నది. అదే జాబితాలో చీనా దేశం నుంచి ఉన్న రెండు ఊళ్ళలో ఒకటి షీదీ. ఆన్‌హుయ్ రాష్ట్రంలో కొండల నడుమ ఉన్న పాత పల్లె అది. పొరుగునున్న హోంగ్‌సున్‌తో కలిపి 2000లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తెల్లని గోడలు, నల్లని పెంకులు, చుట్టూ శరత్తులో ఎరుపెక్కే చెట్లు. ఆ ఋతువులో అక్కడికి ఫొటోలు తీసేవారు బారులు కడతారు.

దానికి చేరువలోనే, జియాంగ్సీ రాష్ట్రపు వుయువాన్ ప్రాంతంలో హువాంగ్‌లింగ్ అనే మరో ఊరు ఉంది. 2023 జాబితాలో అదీ చేరింది. కొండవాలు మీద కట్టిన ఊరు. కళ్ళం వేసుకోవడానికి చదునైన జాగా లేదు. అందుకని అక్కడి వాళ్ళు కిటికీల ముందు నుంచి కర్రలు బయటికి చాచి, వాటి మీద వెదురు చేటలు పరచి పంట ఎండబెట్టుకునేవారు. ఎర్ర మిరపకాయలు, పసుపుపచ్చని మొక్కజొన్న, గుమ్మడి ముక్కలు. ఆ పనిని వాళ్ళు 'శరత్తును ఎండబెట్టడం' అంటారు. ఎంత చక్కని మాట! జాగా లేక చేసుకున్న ఏర్పాటు, పైనుంచి చూసేవాడికి రంగుల ముగ్గయింది.

తరువాత జరిగింది కూడా చెప్పుకోవాలి. 2009 నుంచి ఒక పర్యాటక సంస్థ ఆ పాత ఇళ్ళను తన చేతిలోకి తీసుకొని, అక్కడి కుటుంబాలకు కొండ దిగువన కొత్త ఇళ్ళు కట్టించింది. ఊరివారిలో కొందరు ఇప్పుడు జీతానికి పైకి ఎక్కివచ్చి చేటల్లో మిరపకాయలు పరుస్తారు. వాళ్ళకు రోడ్డు వచ్చింది, ఆదాయం వచ్చింది, కాదనలేము. కానీ పంట ఎండబెట్టడం పోయి, పంట ఎండబెడుతున్నట్టు కనబడటం మిగిలింది. ఈ రెంటికీ నడుమ ఉన్న తేడా ఫొటోలో కనిపించదు.

మరి మన తెలుగునాట అటువంటి కొండ శరత్తు ఎక్కడుంది? అరకులో ఉంది. దాన్ని చూడటానికి 2023 కార్తీకంలో, పౌర్ణమికి ముందు, మా తమ్ముడి కొడుకుతో కలిసి వెళ్ళాను. వాడికి కొత్త కెమెరా సరదా. నాకు పాత మాటల సరదా.

*

ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగాము. అక్కడ గోదావరి ఎక్స్‌ప్రెస్. తెల్లవారేసరికి విశాఖపట్నం. అక్కడినుంచి కిరండూల్ వెళ్ళే బండి. బొడ్డవర దాటగానే బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, ఆ తరువాత అరకు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలతో పాటు పెద్దలు కూడా కేకలు వేస్తారు. ఈ కొత్తవలస-కిరండూల్ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయంటారు. శిమిలిగుడ సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదని దానికి పేరు.

ఇంత కష్టపడి ఈ కొండల్ని తొలిచింది మనకు శరత్తు చూపించడానికి కాదు. బస్తరు సీమలోని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కడినుంచి జపానుకు ఎగుమతి చేయడానికి. జపానుతో కుదిరిన ఒప్పందం మీద 1960లలో ఈ దారి వేశారు. ప్రయాణికుల బండి తరువాతి మాట. 2017 ఏప్రిల్‌లో ఈ మార్గంలో అద్దాల పెట్టె వచ్చింది. పైకప్పు కూడా అద్దమే. మేము ఆ పెట్టెలో కూర్చొని కొండల వైపు చూస్తుండగా, ఎదురుగా ఖనిజం నింపుకున్న గూడ్సు బండి ఒకటి చాలాసేపు సాగింది. చూడటానికి వచ్చిన బండీ, తవ్వుకుపోయే బండీ ఒకే పట్టాల మీద నడుస్తాయన్న సంగతి ఆ కాసేపట్లో నాకు తెలిసింది.

అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో ఒక ఊరి దగ్గర ఆగాము. ఊరి పేరు చెప్పను. ఇప్పటికే ఆ ఊరికి జనం తాకిడి చాలు. దారికి రెండు పక్కలా కొండవాలు మీదుగా పసుపుపచ్చని పూలు. చిన్న పొద్దుతిరుగుడు పూలలా ఉంటాయి. ఆ కుటుంబానివే. కంటికి అందినంత దూరం పచ్చని పట్టు పరచినట్టు, మధ్యమధ్య పనస చెట్లు, వెనుక నీలికొండలు. మా అబ్బాయి నోట మాట రాలేదు. నాకూ అంతే.

అవి వలిసెలు. మన నిఘంటువులలో దీనికే వెర్రినువ్వులు అని పేరు. మన భాషలో 'వెర్రి' అన్నది పోలికే తప్ప అసలు కాని మొక్కకు తగిలించే మాట. వెర్రిపుచ్చ, వెర్రినువ్వు అలా వచ్చినవే. మైదానం మనిషి పెట్టిన పేరు అది. కొండమనిషికి అది వెర్రిదేమీ కాదు. నల్లని సన్నని గింజలో సుమారు మూడోవంతు నూనె ఉంటుంది. వంటకు, ఒంటికి, దీపానికి అదే నూనె. వరి పండని మెరక మీద, ఎరువు లేని సన్నని నేలలో, వానకాలం చివర చల్లితే శరత్తులో పూస్తుంది. ఏ పూవూ తన పుప్పొడితో తాను గింజ కట్టదు. తేనెటీగ వాలవలసిందే. అందుకే ఆ చేను పక్కన నిలబడితే ఒక సన్నని రొద వినిపిస్తుంది. మొక్క పుట్టిల్లు ఇథియోపియా మెట్టసీమ అని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎన్ని శతాబ్దాల క్రితమో సముద్రం దాటి వచ్చి మన తూర్పు కనుమల్లో స్థిరపడింది. ఇప్పుడు మన దేశపు గింజ అమెరికాకు కూడా పోతుంది, మనుషుల కోసం కాదు, పెరట్లో వాలే గోల్డ్‌ఫించ్ పిట్టల మేత కోసం. ఓడ దిగిన తరువాత మొలకెత్తకుండా దాన్ని ముందుగా వేడిచేస్తారట. మన చేలగట్టు మీద ఆగే యాత్రికుడికి పూవు, ఆ దేశపు పిట్టకు గింజ. పండించినవారికి మిగిలేది సంతలో పలికే ధర.

*

మా అబ్బాయి ఆనందం పట్టలేక చేనులోకి దిగాడు. మోకాలెత్తు మొక్కలను తోసుకుంటూ పది అడుగులు వేశాడో లేదో, గట్టు మీదినుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. యాభై ఏళ్ళుంటాయి. తలమీద బుట్ట.

"బాబూ, లోనకి దిగకండి. తొక్కినకాడ మరి లేవదు. గట్టు మీద నిలుసోని తీసుకోండి."

వాడు సిగ్గుపడి వెనక్కి వచ్చాడు. ఆమె కోపంగా లేదు. ఈ మాట రోజూ చెప్పే అలవాటు ఉన్నట్టుంది. చెయ్యి చూపింది. గట్టుకు అవతల గది వైశాల్యమంత మేర మొక్కలు నేలకు అంటుకుపోయి ఉన్నాయి.

"మొన్న ఆదివారం వచ్చినోళ్ళు కూకుని తీసుకున్నారు. అదంతా పడిపోనాది. పువ్వు రాలిపోతే గింజ కట్టదు కదా బాబూ."

మనిషికి 20 రూపాయలు ఇమ్మంది. మా అబ్బాయి నా చెవిలో, "పెద్దనాన్నా, పూలు చూడటానికి కూడా టికెట్టా?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా మనసులో కూడా ఆ మాటే మెదిలింది. ప్రకృతి అందరిదీ కదా అని మన పంతులు పాఠాలు ఎన్నో చెప్పాయి. కానీ కళ్ళెదుట ఉన్నది ప్రకృతి కాదు. ఒకరు దున్ని, చల్లి, కలుపు తీసి, ఎలుగుబంటి రాకుండా కాపలా కాసిన పైరు. అద్దాల పెట్టెలో కూర్చొని దూరం నుంచి చూసినందుకు మేము రైల్వేకు వందల రూపాయలు చెల్లించాము. అప్పుడు మాకు ఏమీ అనిపించలేదు. చేను యజమానురాలు ఇరవై అడిగితే అనిపించింది. ఆ చిన్నతనం నాది. 40 రూపాయలు ఇచ్చాము.

తరువాత కాసేపు గట్టు మీద కూర్చున్నాను. ఆమె ఇంట్లో మాట్లాడేది ఒడియా కలిసిన కొండభాష. తెలుగు సంతలో నేర్చుకున్నదట. వలిసెలు మార్గశిరంలో కోసి, ఎండబెట్టి, కర్రలతో కొట్టి నూరుస్తామని చెప్పింది. "ఈ యేడు మంచి పూతే" అని కూడా అంది. ఆ 'పూత' అనే మాటను ఆమె అన్న తీరులో అందం లెక్క లేదు, గింజ లెక్క ఉంది. యాస్కుడు వింటే సంతోషించేవాడు.

వెళ్ళబోతూ ఫొటో తీసుకుంటానని అడిగాను. ఆమె బుట్ట దించి, కొంగు సర్దుకొని, జుట్టు చేత్తో అద్దుకొని నిటారుగా నిలబడింది. తీశాక, "ఇది నాకిత్తారా బాబూ?" అంది. "కాగితం మీద వేయించి పోస్టులో పంపిస్తానమ్మా" అన్నాను. ఆమె నవ్వింది. "అందరూ అలాగే అంటారు. ఇన్నేళ్ళూ ఒకటీ రానేదు" అంది. నేను మాత్రం అలాంటివాణ్ణి కాదన్నట్టు డైరీ తీసి ఊరి పేరు, తపాలా పేరు, ఆమె పేరు, పెనిమిటి పేరు రాసుకున్నాను.

*

ఇంటికి వచ్చాక డైరీ అలమరలో చేరింది. రోజులు గడిచాయి. ఆ తరువాత కొండజాతుల ఫొటోల చరిత్ర గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఇబ్బంది పెరిగింది.

1857 తిరుగుబాటు తరువాత, పాలించే జనం ఎటువంటివారో తెలుసుకోవాలని ఆంగ్ల ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే గ్రంథాన్ని 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా లండనులో వెలువరించింది. 450కి పైగా ఫొటోలు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క మనిషి నమూనా. ఫొటోలోని మనుషుల చేతికి ఆ పుస్తకం చేరడమన్న ప్రసక్తే లేదు. ఆ తరువాత మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారిగారి సహాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు ప్రకటించాడు. మన విశాఖ మన్యపు గదబలు, పోర్జలు, ఖోండులు అందులో ఉన్నారు. ఆయన కెమెరాతో పాటు కొలబద్ద కూడా పట్టుకు తిరిగినవాడు. ముక్కులు, తలలు కొలిచేవాడు. ఆ గ్రంథం నాకు ఎంతో ఉపయోగపడింది, అందులో సందేహం లేదు. గదబ స్త్రీలు చెట్టునారతో నేసుకునే చీర గురించి నేను తెలుసుకున్నది దాని వల్లనే. కానీ అందులో కొలవబడిన మనిషి మనవైపు చూసే చూపు నాకు ఇప్పుడు వేరుగా కనబడుతుంది.

ఇంకొక తీరు మనిషి కూడా ఉన్నాడు. వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు రాజ్యంలో ఉండిపోవలసి వచ్చి, నల్లమల చెంచుల మీద, గోదావరి కొండరెడ్ల మీద, ఆదిలాబాదు గోండుల మీద పుస్తకాలు రాశాడు. వేలాది ఫొటోలు తీశాడు. ఆయన ఫొటోలు కూడా లండనుకే చేరాయి. కానీ ఆయన మళ్ళీ మళ్ళీ వచ్చాడు. మార్లవాయి అనే గోండు గూడెంలో బడి పెట్టించాడు. భార్య బెట్టీ 1987లో చనిపోతే ఆమె సమాధి ఆ ఊళ్ళోనే కట్టారు. ఫొటో తీసిన ఊరితో మనిషికి ఉండగల సంబంధం అంతదూరం వెళ్ళగలదన్నమాట. అందరం అంతదూరం వెళ్ళలేము. ఒక కాగితం పంపడం దాకానైనా వెళ్ళగలం కదా!

*

ఇక్కడొక ప్రశ్న. ఆ చేను ఇంకా చేనుగానే ఎందుకు ఉంది? అంత అందమైన నేలను ఎవరూ కొనకుండా ఎలా మిగిలింది?

దానికి జవాబు చట్టంలో ఉంది. 1839లో ఒక చట్టం ద్వారా గంజాం, విశాఖపట్నం కొండసీమలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా చేసి ఆయన చేతికి అప్పగించారు. మనం అలవాటుగా అనే 'ఏజెన్సీ' అన్న మాట అలా పుట్టింది. అది కొండవారి మేలు కోరి చేసిన పని కాదు, వారి తిరుగుబాట్లను అణచడానికి చేసిన ఏర్పాటు. అయినా వేరు పాలన అనే ఆ బాటలోనే 1917లో కొండవారి భూమి ఇతరుల చేతికి పోకుండా మరొక చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం భూబదలాయింపు నిబంధన తెచ్చింది. 1970లో దానిని సవరించి మరింత బిగించారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. మనం చూసి వచ్చిన బొర్రా గుహల పరిసర గ్రామాలలోనే గనుల లీజుల వివాదం పుట్టింది. సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1997 జూలై 11న వచ్చిన తీర్పు, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులైన ప్రైవేటు గని సంస్థలకు లీజుకు ఇవ్వకూడదని తేల్చింది. దేశంలోని షెడ్యూల్డు ప్రాంతాలన్నిటిలోనూ ఆ తీర్పును ఉదాహరిస్తారు. ఆ కొండలు మన కెమెరాల కోసం మిగల్లేదు. కొందరు కోర్టుల చుట్టూ తిరిగితే మిగిలాయి.

చట్టం ఉన్నంత మాత్రాన బినామీ పేర్లు లేకుండా పోలేదు. భూమి నిలిచినంత మాత్రాన ఆదాయమూ పెరగలేదు. కానీ హువాంగ్‌లింగ్‌లో ఊరు కొండ దిగవలసి వచ్చింది. ఇక్కడ నన్ను చేనులోంచి బయటికి రమ్మన్న మనిషి ఆ చేనుకు సొంతదారు. ఆమె గొంతులోని ఆ నిబ్బరానికి వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఇప్పుడు మా ఊరి సంగతి. నేను 1996లో తుర్కయంజాల్‌లో ఈ స్థలం కొన్నప్పుడు చుట్టూ జొన్నచేలు, ఆముదపు చేలు. సాగర్ రోడ్డు మీద బస్సు దిగి చేలగట్ల మీదుగా నడిచి వచ్చేవాణ్ణి. ఇల్లు కట్టించినప్పుడు పునాది గోతుల్లో జొన్నకొయ్యలు వచ్చాయి. ఇవాళ ఇబ్రహీంపట్నం దాకా వెళ్ళినా వెంచర్ల రాళ్ళే. అమ్మినవారి మీద నాకు ఫిర్యాదు లేదు. కొన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా ఊళ్ళో శరత్తు ఇప్పుడు చెరువు అంచున రెల్లులో మాత్రమే మిగిలింది. రెల్లు ఎవరూ విత్తని పంట. అందుకే అక్కడ కుర్రవాణ్ణి ఎవరూ గట్టెక్కమనలేదు. పక్కకు జరగవలసింది నేనే అయ్యాను.

ఆ రోజు చెరువు నుంచి వచ్చి అలమరలో డైరీ వెతికాను. మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, ఒక స్టూడియోలో ఆ ఫొటోను పెద్ద సైజులో రెండు ప్రతులు వేయించాను. నా ఫొటో గొప్పదేమీ కాదు. ఎండ కాస్త ఎక్కువ పడింది. వెనుక పూలు మసకగా ఉన్నాయి. మనిషి మాత్రం స్పష్టంగా ఉంది. స్టూడియో కుర్రవాడు కాగితం కత్తిరిస్తూ, "మీ చుట్టాలా సార్?" అని అడిగాడు.

"కాదు బాబూ. బాకీ ఉన్న మనిషి" అన్నాను.

అట్టపెట్టి, కవరు మీద తెలుగులో చిరునామా రాసి, స్పీడు పోస్టు చేసి వచ్చాను. రెండేళ్ళు ఆలస్యం. చేరిందో లేదో ఇంకా కబురు లేదు. ఆమె ఆ కవరు విప్పే వేళకు చేను మళ్ళీ పూతకు వచ్చి ఉంటుంది.

మిత్రులారా, ఈ కార్తీకంలో మీలో ఎవరైనా అరకు వెళితే గట్టు మీదే నిలబడండి. అడిగిన ఇరవై ఇవ్వండి. ఎవరి ఫొటోనైనా తీస్తే వారికి ఒక ప్రతి పంపండి. మీ ప్రాంతంలో వలిసెలను ఏ పేరుతో పిలుస్తారో, శరత్తులో మీ ఊరి చేలలో ఏముండేదో వ్యాఖ్యలలో రాస్తే సంతోషిస్తాను. నా పాత విద్యార్థి ఎక్కడున్నాడో గానీ, ఇది చదివితే అతనికి కూడా జవాబు దొరికినట్టే.